గోడనడిగిన ప్రశ్న

3, మంగళవారం

పొద్దున్నే చానల్ డెస్కు నుంచి ఫోనుకు మూడు ప్రశ్నలు వచ్చాయి. ఎవరు పిలిస్తే వచ్చారు? తిండి ఎవరు పెడుతున్నారు? ఇదంతా దేనికోసమో మీ మాటల్లో చెప్పగలరా? మూడో ప్రశ్నకు తడబడినవాళ్లను వేస్తాం, వాళ్లకు ఏమీ తెలియదని. గడగడా చెప్పినవాళ్లనూ వేస్తాం, ఎవరో నేర్పి పంపారని. వాళ్లకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. అధికారి గదిలోకి వెళ్లినప్పుడు మాత్రం "పరిస్థితి ఎలా ఉంది సార్?" అని అడగాలి. పద్నాలుగేళ్లుగా అలాగే అడుగుతున్నాను, నాకేమీ కొత్త కాదు.

నగరసభకు ఎన్నికలు పెట్టమని జనం సభ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఈరోజుకు పన్నెండు రోజులు. ఎన్నికలు మూడుసార్లు వాయిదా పడ్డాయి. సభ్యులే లేక మూడేళ్లయింది. మెట్ల నిండా గొడుగులు, నీళ్ల సీసాలు, ఒళ్లో పలక పెట్టుకుని హోంవర్కు చేస్తున్న పిల్లలు.

పదకొండింటికి ఒకామెతో మాట్లాడాను. స్కూలు వ్యానులో పిల్లల్ని ఎక్కించి దించే పని. పిల్లలంతా వ్యానమ్మమ్మ అంటారట. ఏడేళ్ల మనవరాలు ఈమె దగ్గరే పెరుగుతోంది. మూడో ప్రశ్నకు ఆమె తడబడలేదు, గడగడా చెప్పనూ లేదు. కాసేపు ఆలోచించుకుంది.

"మా వీధి దీపం ఆరిపోయి రెండేళ్లయిందమ్మా. సభ్యుడుంటే వాడి గుమ్మం ముందు నిలబడి నాలుగు తిట్టేదాన్ని. లేడు కదా, ఎవర్ని తిట్టను? ఆఫీసుకి పోతే కాగితం రాసిమ్మన్నారు. రాసిచ్చాను. పోయిందన్నారు, మళ్లీ రాశాను. నాలుగు రాశాను. ఐదోది రాయకముందే మా అమ్మాయిని ఆ చీకట్లో లారీ కొట్టేసింది. దీపం ఇంకా అట్లాగే ఉంది."

నాలుగు నిమిషాలు మాట్లాడింది. ఏడవలేదు. కెమెరా వెనక స్టాండు ముక్కు ఎగబీల్చాడు. స్టాండంటే మా కెమెరామన్. ఆరడుగుల మీద ఇంకా రెండంగుళాలు. కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండుకు, వాడికి తేడా ఒక్క కాలే.

చివర్లో నేను "రేపు కూడా వస్తారా?" అని అడిగాను. ఇంతే అడిగాను. ఆమె నవ్వింది. "వస్తాను. ఎందుకు రాను? నా మనవరాలిని కూడా తీసుకొస్తాను. అది కూడా నేర్చుకోవాలి" అంది. ఒంటిగంటకు వ్యాను పనికి వెళ్లిపోయింది. ఏమైనా ఉంటే ఫోన్ చేయమని నా నంబరు ఇచ్చాను.

మూడింటికి వెనక గేటు దగ్గర ఎవరో రాళ్లు రువ్వారు. ఎవరన్నది తెలియదు. ఇద్దరు పోలీసులకు తలలు పగిలాయి. మెట్ల మీద కూర్చున్నవాళ్లకు అటువైపు ఒక గేటు ఉందన్న సంగతే తెలియదు.

నాలుగున్నరకు రివర్సులు తీశాం. మాది ఒక్క కెమెరా, అది ఎదుటి మనిషి మీదే ఉంటుంది. ఆ మనిషి వెళ్లిపోయాక నన్ను అదే చోట నిలబెట్టి, అడిగిన ప్రశ్నలనే మళ్లీ అడిగిస్తూ నా మొహం తీస్తాడు స్టాండు. తర్వాత డెస్కులో రెండూ అతికిస్తారు. ఈ పద్నాలుగేళ్లలో ఎన్ని గోడల్ని ఇంటర్వ్యూ చేశానో లెక్కలేదు. ఒక్క గోడా నాతో అబద్ధం చెప్పలేదు. పక్క చానల్ పిచ్చుక వచ్చి, "రివర్సులు అప్పుడే తీసేసుకుంటే అయిపోతుంది కదక్కా?" అంది. నా దగ్గరే పని నేర్చుకున్న పిల్ల, నోరు ఒక్క క్షణం ఊరుకోదు కాబట్టి పిచ్చుక. "చివర్లోనే పెట్టుకోవాలి, ప్రశ్న మెరుగుపడుతుంది" అన్నాను. బుద్ధిగా తలూపింది.

డెస్కు పెద్దాయన ఫోన్ చేశారు. "రాళ్ల ముక్క ప్రశ్నలోకి రావాలమ్మా. లేకపోతే పొద్దుటి వార్తలా ఉంటుంది." సరేనన్నాను. గోడకేసి చూసి అడిగాను. "రాళ్లు పడ్డాయి. పోలీసులకి తలలు పగిలాయి. అయినా రేపు మళ్లీ వస్తారా?"

ఇందులో అబద్ధమేముంది? రాళ్లు పడినమాట నిజం. ఆమె వస్తానన్నమాట నిజం. స్టాండు వైర్లు చుట్టి సర్దేలోగా బండిలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానో తెలియదు.

4, బుధవారం

నాలుగు నిమిషాల్లో పదకొండు సెకన్లు వేశారు. దీపం లేదు, కూతురు లేదు. నా ప్రశ్న, ఆమె నవ్వు, మనవరాలు. కింద పెద్ద అక్షరాలు: రాళ్లు పడ్డా సరే, మనవరాలినీ తెస్తా! డెస్కు పెద్దాయన అందరి ముందూ మెచ్చుకున్నారు.

మా అత్తయ్య పొద్దున లేచింది మొదలు మా చానలే చూస్తుంది. కోడలు కనిపిస్తుందని కాదు, కోడలి జుట్టు సరిగ్గా ఉందో లేదో చూడటానికి. ఈరోజు జుట్టు సంగతి ఎత్తలేదు.

"ఆ జెండా కర్ర మీ ఇద్దరి పక్కనా ఉంది. ఆవిడ ఉన్నప్పుడు దాని నీడ మెట్ల మీద పడింది. నువ్వు అడిగేటప్పుడు రోడ్డు మీద పడింది. ఒక్క కర్రకి రెండు నీడలేంటే?"

రివర్సుల సంగతి చెప్పాను. విని, "అయితే ఆ రాళ్ల ప్రశ్న ఆవిడ వినలేదన్నమాట" అంది. "విన్నట్టే అత్తయ్యా" అన్నాను.

5, గురువారం

తొమ్మిదిసార్లు వేశారు.

6, శుక్రవారం

మా చానల్లో నలుగురు మగవాళ్లు కూర్చుని గంటసేపు వాదించుకున్నారు. పిల్లల్ని గొడవల్లోకి లాగేవాళ్లను ఏం చేయాలన్నది విషయం. నలుగురూ ఆమెను ఎప్పుడూ చూడలేదు. ఒకాయన ఆమెను 'ఈ రకం మనుషులు' అన్నాడు.

స్టాండు అడిగాడు: "అక్కా, మెట్ల దగ్గర తీసిన కెమెరా కార్డు తుడిచెయ్యనా? సోమవారం కొత్త షూటింగుకి కావాలి." నీ ఇష్టం అన్నాను. టీ తాగాం.

8, ఆదివారం

ఆమె ఫోన్ చేసింది. వ్యాను పని తీసేశారు. పిల్లల తల్లిదండ్రులు స్కూలుకు వెళ్లి, ఇలాంటి మనిషి చేతికి మా పిల్లల్ని అప్పగిస్తారా అని అడిగారట. పదకొండేళ్లుగా ఆమె చెయ్యి పట్టుకునే ఆ పిల్లలు రోడ్డు దాటుతున్నారు.

"మీరు నన్నట్లా అడగలేదు కదమ్మా?"

అత్తయ్యకు వినపడకుండా బయటికి నడిచాను.

"టీవీలో వేరేగా వస్తోంది. నేనే మర్చిపోయానేమో అనుకున్నాను. పెద్దదాన్ని అయిపోయాను కదా. కానీ రాళ్ల గురించి మనం మాట్లాడుకోలేదు. నేను వెళ్లిపోయాకే కదా పడ్డాయి."

ఆఫీసులో మాట్లాడతానని చెప్పాను. "మాట్లాడండమ్మా, మీకు పుణ్యముంటుంది" అంది. కోపం లేదు ఆ గొంతులో. తిట్టినా బాగుండేది. నాలుగు తిడితే దులుపుకుని పనిలో పడేదాన్ని.

9, సోమవారం

డెస్కు పెద్దాయన మంచివాడు. అదే వచ్చిన చిక్కు. ముందు మా అత్తయ్య మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడిగారు, ఏదో నూనె పేరు చెప్పారు. తర్వాత నేను చెప్పిందంతా విన్నారు.

"సవరణ వేశామనుకో. పొరపాటైంది అంటాం. ఏం పొరపాటు? ప్రశ్న మార్చామంటాం. రేపటి నుంచి మనం అడిగిన ప్రతి ప్రశ్ననీ జనం అనుమానిస్తారు. ఒక్కామె కోసమా?"

"ఆమె పని పోయింది సార్."

"స్కూలు తీసేసింది. మనం తీశామా?"

తలూపి వచ్చేశాను. కెమెరా ముందు ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడతాను.

10, మంగళవారం

అసలు ఫుటేజీ చూపిస్తే సరిపోతుందని పొద్దున తట్టింది. స్టాండును అడిగాను. కార్డు నిన్ననే తుడిచేశాడట. ముఖ్యమైన కార్డు, నన్ను ఒక్క మాట అడగాలి కదా. ఎవరికీ బాధ్యత లేదు.

12, గురువారం

పిల్లను తీసుకెళ్లిపోయారు.

ఆమె ఆఫీసుకు వచ్చింది. కింద హాల్లో ఆ పెద్ద టీవీ ముందు సోఫా అంచున కూర్చుంది, పూర్తిగా కూర్చుంటే సోఫా మాసిపోతుందన్నట్టు. టీవీలో నేనే ఉన్నాను, వేరే ఏదో వార్త చెబుతూ.

పిల్లల సంక్షేమ కార్యాలయానికి ఎవరో ఫిర్యాదు చేశారట. ఇద్దరు వచ్చి ఇల్లు చూశారు. పని లేదు, ఇంట్లో ఇంకెవరూ లేరు, పైగా పిల్లను రాళ్ల మధ్యకు తీసుకెళ్తానని టీవీలో నోటితో చెప్పింది. విచారణ అయ్యేదాకా పిల్ల హోములో ఉంటుంది. విచారణ ఇరవై నాలుగో తేదీ.

"టీవీలో వచ్చిన రోజు నుంచి నేను మెట్ల వైపు పోనే లేదమ్మా. పిల్లని ఒక్కరోజు కూడా తీసుకెళ్లలేదు. అదొక బొమ్మ పట్టుకుని పడుకుంటుంది, వాళ్లు తీసుకోనివ్వలేదు."

సంచిలోంచి ఒక ఫైలు తీసింది. పిల్ల టీకాల కార్డు, మార్కుల కాగితం, వీధి దీపం గురించి రాసిన నాలుగు అర్జీల నకళ్లు. "నన్నేం అడిగారో మీరొక కాగితం రాసిస్తే చాలు. పెద్ద కాగితం వద్దు, రెండు ముక్కలు."

రాసిస్తానని అనలేదు. రాయనని కూడా అనలేదు. ఆఫీసు అనుమతి కావాలన్నాను. టీ తెప్పించాను. ఆమె తాగి, కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని కూర్చుంది.

13, శుక్రవారం

ప్రశాంతంగా ఆలోచిస్తే, నేను అడిగింది దాదాపు అదే. రేపు కూడా వస్తారా అంటే అర్థమేమిటి? ఏం జరిగినా వస్తారా అనే కదా. ఆరోజు పొద్దుటి నుంచీ ఉద్రిక్తంగానే ఉంది. రాళ్లన్న మాట కూడా నా నోటి నుంచి వచ్చే ఉంటుంది. కచ్చితంగా రాలేదని ఎవరు చెప్పగలరు? ఆమె కూడా మర్చిపోయానేమో అనే అంది.

14, శనివారం

అత్తయ్యతో చెప్పాను, నేను అడిగింది దాదాపు అదేనని. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ, "నీడ మాట ఏం చేస్తావు మరి?" అంది.

16, సోమవారం

ఆమె దగ్గర్నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. మీటింగులో ఉన్నాను. మీటింగు లేదు.

17, మంగళవారం

వెనక్కి తిప్పి మూడో తేదీ పేజీ చదివాను. ఇంతే అడిగాను అని రాసుకున్నాను. నా చేతిరాతే. ఆరో తేదీ కూడా చదివాను.

స్టాండు దగ్గరకు వెళ్లాను. నేను ఏమీ అనకముందే వాడు, "శుక్రవారం నిన్నడిగాను కదక్కా" అన్నాడు.

"అడిగావురా."

"నువ్వు ఉంచమంటే ఉంచేసేవాణ్ణి. నువ్వంటావేమో అని టీ తాగుతున్నంతసేపూ చూశాను."

వాడూ విన్నాడు, ఆ మెట్ల దగ్గర. విచారణకు వచ్చి చెబుతావా అని అడిగాను. ఇద్దరు పిల్లలు అక్కా అన్నాడు. నాకు కోపం రావాలి, రాలేదు. తేలు కుట్టిన దొంగలం ఇద్దరమూ.

18, బుధవారం

డెస్కు పెద్దాయనకు చెప్పాను, విచారణకు వెళ్తానని. "వెళ్లొద్దనను. నీ మనస్సాక్షి నీది. తిరిగొచ్చేసరికి నీ కుర్చీ ఉంటుందని మాత్రం చెప్పలేను" అన్నారు. నూనె పనిచేసిందా అని కూడా అడిగారు.

20, శుక్రవారం

వెళ్లను.

21, శనివారం

అత్తయ్య టీవీ చూడటం మానేసింది. నాతో మాట్లాడుతూనే ఉంది, ఉప్పు సరిపోయిందా, తలుపు వేశావా అని. టీవీ మాత్రం పెట్టడం లేదు. పద్నాలుగేళ్లలో మా ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. మా ఆయన ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "అమ్మ టీవీ ఆపేసిందా? అయితే విషయం పెద్దదే" అన్నాడు. నవ్వించడానికి అన్నాడు పాపం.

23, సోమవారం

వెళ్తాను. రేపు పదకొండింటికి.

కాగితం రాసుకుని వెళ్దామనుకున్నాను. మూడు వారాల తర్వాత రాసిన కాగితానికి విలువేముంటుంది? మూడో తేదీ పేజీ ఉంది. వార్త టీవీలో రాకముందే, బండిలో కూర్చుని రాసింది. దాన్ని చింపి ఇద్దామనుకున్నాను. చింపిన కాగితాన్ని ఎవరు నమ్ముతారు? పుస్తకమే ఇవ్వాలి.

ఇస్తే పదో తేదీ కూడా ఉంటుంది. పదమూడో తేదీ కూడా. ఆ రెండు పేజీలు తీసేద్దామని పొద్దున బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. మళ్లీ కత్తిరించడమేనా అనిపించింది. ఈ ఒక్కసారికి ఏదీ తీయకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఇస్తాను. చదివితే వాళ్లకే తెలుస్తుంది, మనిషి ఎలా తప్పుకుంటూ తప్పుకుంటూ వచ్చిందో.

బ్లేడు పెట్టెలో పెట్టేశాను. మనసు తేలికైంది. ఆమెకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. "బొమ్మ తెస్తానమ్మా, రేపు పిల్లని పంపేస్తే దారిలో అడుగుతుంది" అంది.

24, మంగళవారం

రేపు రాస్తాను.

25, బుధవారం

నిన్నటి విచారణ. చిన్న గది. నాలుగు కుర్చీలు, ఒక బీరువా, బీరువా మీద కట్టలు కట్టిన ఫైళ్లు. బల్ల వెనక అధికారిణి. నా వయసే ఉంటుంది. టీవీలో చూస్తుంటానండీ అంది, మర్యాదగా. వ్యానమ్మమ్మ ఒక పక్క, నేను ఒక పక్క. ఆమె ఒళ్లో సంచి, సంచిలోంచి కుందేలు బొమ్మ చెవి ఒకటి బయటికి కనిపిస్తోంది. పిల్ల పక్క గదిలో ఉందని చెప్పారు. ఆ తలుపు మూసి ఉంది.

జరిగింది చెప్పాను. పదకొండింటికి ఏం అడిగాను, నాలుగున్నరకు ఏం అడిగాను. అధికారిణి అసలు ఫుటేజీ అడిగింది. లేదన్నాను. వేరే సాక్షి? లేరన్నాను. నీడ సంగతి చెప్పాను, జెండా కర్ర సంగతి.

"నీడలని నేను ఫైల్లో ఎలా రాయనండీ?"

అప్పుడు పుస్తకం ఇచ్చాను. మూడో తేదీ పేజీ తెరిచి ఇచ్చాను. చదివింది. శ్రద్ధగానే చదివింది, వేలు పెట్టి. నాకు ఆశ పుట్టింది. వ్యానమ్మమ్మ సంచిని గట్టిగా పట్టుకుంది.

అధికారిణి పేజీ తిప్పింది. ఇంకొకటి తిప్పింది. తిప్పుతూ పోయింది.

"ఆరో తేదీన కార్డు తుడవనా అని అడిగితే మీరే సరేనన్నారు. పదో తేదీన మిమ్మల్ని అడక్కుండా తుడిచేశాడని రాశారు. ఏది నిజమండీ?"

"ఆరో తేదీది."

"మరి పదో తేదీన అబద్ధం రాశారా? మీ డైరీలో మీరే?"

అవునన్నాను.

"పదహారున మీటింగులో ఉన్నానని రాశారు, ఆ వెంటనే మీటింగు లేదని రాశారు." ఆమె పదమూడో తేదీకి వచ్చింది. గట్టిగా చదివింది, వార్తలు చదివినట్టు స్పష్టంగా. "'నేను అడిగింది దాదాపు అదే. రాళ్లన్న మాట కూడా నా నోటి నుంచి వచ్చే ఉంటుంది. కచ్చితంగా రాలేదని ఎవరు చెప్పగలరు? ఆమె కూడా మర్చిపోయానేమో అనే అంది.' ఇది కూడా మీ చేతిరాతే కదా?"

"నన్ను నేను సముదాయించుకోవడానికి రాసుకున్నానండీ అది."

"కావచ్చు. మూడో తేదీది కూడా అలాంటిదే కాదని నాకెలా తెలుస్తుంది?"

ఆమె వెటకారం చేయలేదు, గొంతు పెంచలేదు. నాకు తెలుసు ఆ పద్ధతి. నేనూ అలాగే అడుగుతాను.

గుమాస్తాను పిలిచి నకళ్లు తీయించింది. పదో తేదీ పేజీ, పదమూడో తేదీ పేజీ. మూడో తేదీది కూడా తీయండి అన్నాను. మూడో తేదీ మాట నోటితో చెప్పారు కదా, నమోదైందిలెండి అంది.

పిల్ల ఇంకో ఆరు నెలలు హోములో ఉండాలి. తర్వాత పరిశీలిస్తారు. నెలకు రెండు ఆదివారాలు చూడొచ్చు. బొమ్మ ఇవ్వొచ్చా అని వ్యానమ్మమ్మ అడిగింది. హోములో అందరికీ బొమ్మలుంటాయి, ఒక్కరికి విడిగా ఇవ్వరు అని గుమాస్తా చెప్పాడు. మూసిన తలుపు వెనక నుంచి ఎవరో పిల్లలు పద్యం వల్లిస్తున్నారు. అందులో తన మనవరాలి గొంతు ఏదో ఆమె వెతుక్కుంటోందని నాకు అర్థమైంది. లేచి రమ్మని ఎలా అంటాను?

బయట వరండాలో ఆమె నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను.

"ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండమ్మా. అది మీరొక్కరే చదువుకునే పుస్తకం కదా. వేరే ఎవరూ చూడరు కదా."

"చూడరు."

"మరి అందులో కూడా ఎందుకమ్మా అట్లా రాసుకున్నారు? అక్కడ మిమ్మల్ని ఎవరు అడుగుతున్నారని?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. సంచిలోకి కుందేలు చెవిని తోసి, ముడి వేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. రోడ్డు దాటేముందు అలవాటుగా చెయ్యి పక్కకు చాపింది, ఎవరో పట్టుకుంటారన్నట్టు. ఎవరూ లేరు. చెయ్యి వెనక్కి తీసుకుని దాటింది.

గేటు దగ్గర పిచ్చుక నిలబడి ఉంది, వాళ్ల కెమెరాతో. "సొంత చానల్ మీదే సాక్ష్యం చెప్పారట కదక్కా" అంది. ఎలా తెలిసిందో. మాట్లాడకుండా వెళ్లిపోదామనుకున్నాను. తర్వాత, ఇక్కడైనా చెప్పనీ అనిపించింది. మొత్తం చెప్పాను, దీపం దగ్గర నుంచి. నాలుగైదు నిమిషాలు చెప్పి ఉంటాను. పిచ్చుక మూడు ప్రశ్నలు అడిగింది, మధ్యలో అడ్డు రాకుండా, నేను నేర్పినట్టే. "థాంక్సక్కా" అని చెయ్యి నొక్కింది.

రోడ్డు మలుపు దాకా వెళ్లి ఎందుకో వెనక్కి చూశాను. కెమెరా ఇటు తిరిగి ఉంది. నేను నిలబడిన చోట ఎవరూ లేరు. పిచ్చుక మైకు పట్టుకుని, ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ, కనుబొమలు ముడిచి ఏదో అడుగుతోంది. అడిగి, జవాబు వింటున్నట్టు తలూపింది. మళ్లీ అడిగింది.

చాలా దూరం. ఏం అడుగుతోందో వినిపించలేదు.

ఇంటికొచ్చి వెంటనే రాసిపెట్టుకోవాల్సింది. నిన్న చేతకాలేదు. ఈరోజు రాస్తున్నాను. పిచ్చుక నన్నడిగిన మొదటి ప్రశ్న: ఇన్నాళ్లు ఎందుకు ఆగారు? రెండోది: ఆ పాప ఇప్పుడెక్కడుంది? మూడోదాని మాటలు ఎంత ఆలోచించినా సరిగ్గా గుర్తు రావడం లేదు. నా జవాబు మాత్రం బాగా గుర్తుంది.

"అవును, తెలిసే చేశాను" అన్నాను.

అత్తయ్య ముందుగదిలో ఈరోజు మళ్లీ టీవీ పెట్టింది. పిచ్చుక వాళ్ల చానల్. రమ్మని పిలుస్తోంది.